ఘటోత్కచుడి కిరీటంలో చిట్టి బుర్ర

“హీరో కోటు మీద బల్బులు వెలగాలంటే ఆ కోటు లోపల ఏం పెడతారండీ?” అని సదాశివపేట నుంచి ఓ పాఠకుడు ఉత్తరం రాశాడు. ప్రశ్న చిన్నదే, జవాబే కాస్త పొడుగు. అంచేత ఈ వారం పేజీ మొత్తం ఆయనకే!

ముందు 1981కి వెళ్లొద్దాం. ఆ ఏడు వచ్చిన హిందీ సినిమా ‘యారానా’లో అమితాబ్ బచ్చన్ ఒంటినిండా బల్బులు తగిలించుకుని స్టేజీ మీద ఆడాడు. కలకత్తా నేతాజీ ఇండోర్ స్టేడియంలో తీశారా పాట. థియేటర్లలో కుర్రకారు ఈలలు వేసి గోల చేసింది. కానీ అసలు సంగతి వింటే ఈల గొంతులోనే ఆగిపోతుంది. ఆ బల్బులకు బ్యాటరీ లేదు! దుస్తుల్లోంచి వైరు కిందికి దిగి తిన్నగా కరెంటు ప్లగ్గులోకి వెళ్లింది. తను ఎగిరింది డాన్సు కోసమే కాదు, కరెంటు వల్ల కూడానని అమితాబే తర్వాతెప్పుడో నవ్వుతూ చెప్పుకున్నాడు.

మరుసటి ఏడు, 1982లో, హాలీవుడ్ ‘ట్రాన్’ వచ్చింది. అందులో మనుషుల దుస్తులు నీలంగా మెరిసిపోతాయి. అది సెట్లో వెలిగిన వెలుగు కాదు సుమా! నటుల్ని నలుపు తెలుపులో తీసి, తర్వాత ఫ్రేము ఫ్రేముకీ వెనక నుంచి లైటు పోసి రంగు ఎక్కించారు. 2010లో ‘ట్రాన్: లెగసీ’ నాటికి దుస్తులకే పల్చటి వెలుగు పట్టీలు అంటించి, బ్యాటరీతో నిజంగానే వెలిగించారు.

‘అవన్నీ కోట్ల బడ్జెట్ కబుర్లు, మనకెందుకు?’ అనుకుంటున్నారు కదూ? ఆగండాగండి. మన పటాన్‌చెరు కిరీటం సంగతి ఇంకా చెప్పనేలేదు!

★ ★ ★

2024 వినాయక చవితి రోజులు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కన ఓ కాలనీ. మండపంలో అయిదోనాటి రాత్రి పిల్లల నాటకం: మాయాబజారు. ఘటోత్కచుడి వేషం ఎవరిదనుకున్నారు? తొమ్మిదేళ్ల ఆడపిల్లది! దాని అన్న ఐటిఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద షిఫ్టులు చేస్తున్నాడు. చెల్లెలు గట్టిగా నవ్వగానే కిరీటం భగ్గున ఎర్రబడాలని అతగాడి కోరిక. 1957లో ఎస్.వి. రంగారావు గారికి నలుపు తెలుపులోనే చాలినంత భయపెట్టడం వచ్చు గానీ, ఈ కాలం పిల్లలకి రంగు కావాలి మరి!

మొదట అట్ట కిరీటం చుట్టూ మండపంలో వేలాడే సీరియల్ సెట్టు చుట్టాడు. వైరు వీపు మీదుగా దించి ప్లగ్గులో పెడదామని లెక్క. తల్లి చూసింది.

“ఆ వైరు నా బిడ్డ నెత్తి మీద పెడ్తవారా?”

“ఒక్క పూటకే గదనే అమ్మా.”

“వానకాలం. నేలంత తడి. ఆ ఏడు ఇనుప పైపుకు కరెంటొచ్చి పోయిన పోరడు యాదికి లేడా నీకు? నాటకమే వద్దు, వేషమే వద్దు!”

ఆ మాటతో ఇల్లంతా గప్‌చుప్. ఆ తల్లి చదువుకోలేదు గానీ, చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సీరియల్ సెట్టులో ఒక్కో బల్బుకు అందేది కొద్దిపాటి వోల్టులే. కానీ ఎక్కడైనా వైరు తొక్క లేచిపోతే, అక్కడ చేయి పెట్టినవాడికి 230 వోల్టుల దాకా తగలొచ్చు. తడి నేల మీద ఉత్త కాళ్లతో ఉన్న పిల్లకి రెండో ఛాన్సు ఉండదు.

చెల్లెలు మూల కూర్చుని ఒకటే ఏడుపు. నాటకానికి ఇంకా నాలుగు రోజులే వుంది.

★ ★ ★

మన తమ్ముడు సిటీ బస్సెక్కి కోఠీలో దిగి, గుజరాతీ గల్లీలో దూరాడు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ పిచ్చి పట్టినవాళ్లందరికీ ఆ గల్లీ ఓ పుణ్యక్షేత్రం. బొటనవేలంత బోర్డు ఒకటి కొన్నాడు. పేరు డిజిస్పార్క్. దాని మీద మినపగింజల్ని గుర్తుచేసే సైజులో ‘ఏటీటైనీ85’ అనే చిప్పు. ఎనిమిది కాళ్లు. ప్రోగ్రాం దాచుకోవడానికి 8 కిలోబైట్లు, అందులో ఇంచుమించు 2 బోర్డు సొంత అవసరాలకే పోతాయి. పని చేసేటప్పుడు గుర్తుపెట్టుకునే చోటు 512 బైట్లే. మీ ఫోన్లో దిగిన ఒక్క ఫోటో కూడా ఇందులో పట్టదు. అయినా కిరీటానికి ఈ బుర్ర ధారాళంగా చాలు!

ఇలాంటి బోర్డుల వెనక కథ కూడా చిన్నగా చెప్పేస్తాను. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో, ఇంజనీర్లు కాని డిజైన్ విద్యార్థుల కోసం ‘ఆర్డుయినో’ పుట్టింది. 2007లో లియా బ్యూక్లీ అనే ఆవిడ బట్టకు దారంతో కుట్టేసుకునే ‘లిలీప్యాడ్’ బోర్డు తెచ్చింది. అక్కణ్ణుంచీ ఎలక్ట్రానిక్స్ టైలర్ల చేతికి కూడా వచ్చేసింది.

బోర్డుతో పాటు పదహారు రంగు దీపాల పట్టీ ఒకటి కొన్నాడు. ఒక్కో దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి, వాటితో ఓ బుల్లి చిప్పు కూడా. పదహారింటికీ కలిపి సమాచారం తీసుకెళ్లే వైరు ఒక్కటే. ఎలాగంటారా? పెళ్లి పంక్తిలో విస్తరాకులు అందించినట్టు! మొదటి దీపం తన ఆకు తాను తీసుకుని మిగతా కట్ట పక్కదానికి అందిస్తుంది. అది తనది తీసుకుని ఆ పక్కదానికి. రెప్పపాటులో పదహారూ వడ్డనకు సిద్ధం.

ప్రోగ్రాం ఎక్కించడంలో ఓ తమాషా ఉంది. ముందు బోర్డు పెట్టి తర్వాత మీట నొక్కితే ఈ బోర్డు మాట వినదు. కంప్యూటర్లో ‘అప్‌లోడ్’ నొక్కి, అది అడిగినప్పుడే బోర్డును యూఎస్‌బీలో గుచ్చాలి. పిలవకుండా రాని పెళ్లికొడుకులాంటిదన్నమాట.

ఒకరోజు సాయంత్రం రిహార్సలుకు నేనూ వెళ్లాను. కిరీటంలో నీలం వెలుగు నెమ్మదిగా తిరుగుతోంది, ఎంత బాగుందో! పిల్ల భీకరంగా నవ్వింది. చెవి పక్కన దాచిన బటన్ నొక్కింది. ఊహూఁ! నీలం నీలంగానే ఉంది. మళ్లీ నొక్కింది. ఈసారి ఎర్రబడింది గానీ, అప్పటికి నవ్వు అయిపోయింది!

“బటన్ ఖరాబైందా అన్నా?” అన్నాడు బిక్కమొహంతో.

బటన్ది తప్పు కాదు. ఒక దీపం వెలిగించి, ‘డిలే’ అని రాశాడు. అంటే ‘అరసెకను ఆగు’ అని ఆజ్ఞ. ఆ అరసెకనులో చిప్పు ఇంకేమీ చూడదు. గేటు దగ్గర నిద్రపోయిన వాచ్‌మన్‌కి హారన్ వినిపిస్తుందా? ఇదీ అంతే! మందు ఒక్కటే. వాచ్‌మన్‌ని నిద్ర పోనివ్వకూడదు. ‘గడియారం చూడు, వేళైతే దీపం మార్చు, వేళ కాకపోతే గేటు చూడు, మళ్లీ గడియారం చూడు’ అని రాయాలి. ప్రోగ్రాంలో ఆ గడియారం పేరు ‘మిల్లీస్’. నైట్ షిఫ్టు నుంచి పొద్దున్నే వచ్చి, నిద్రమానుకుని, ఆ పది లైన్లూ తిరగరాశాడు తమ్ముడు. తను మేలుకుని చిప్పును మేలుకొలిపాడు!

★ ★ ★

మీలో ఎవరికైనా చేతులు దురద పెడుతుంటే ఈ లెక్కలు రాసుకోండి. ఒక్కో దీపం పూర్తి తెలుపులో వెలిగితే 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. పదహారూ కలిపితే 960. వెలుగును పావు వంతుకు తగ్గించండి. చీకట్లో అది చాలు, కళ్లకీ హాయి, బ్యాటరీకీ హాయి. రీచార్జి అయ్యే పెన్సిల్ సెల్సు నాలుగు పెడితే 4.8 వోల్టులు, దివ్యంగా సరిపోతాయి. మామూలు సెల్సు నాలుగు పెడితే 6 వోల్టులవుతాయి, ఆ దీపాలు తట్టుకోలేవు. సెల్సు పెట్టె తల మీద కాదు, నడుముకు కట్టండి. మధ్యలో ఓ స్విచ్చి తప్పనిసరి. అతుకులన్నిటికీ తొడుగు వేయండి. మెత్తటి సంచీ లాంటి లిథియం బ్యాటరీలు పిల్లల వేషాల్లో వద్దు. నొక్కుకుపోయినా, చిల్లు పడినా అవి మంటలు లేపుతాయి.

★ ★ ★

అయిదోనాటి రాత్రి సన్నగా తుంపర. వేషం కట్టే వేళకి తల్లి అడ్డం వచ్చింది.

“ముందుగాల నా నెత్తిన పెట్టు,” అంది కొడుకుతో.

కొడుకు పెట్టాడు. ఆమె తడి చేత్తో కిరీటం చుట్టూ తడిమింది. నడుము దగ్గర సెల్సు పెట్టె పట్టుకు చూసింది. గోడ ప్లగ్గుకి పోయే వైరు ఎక్కడైనా ఉందా అని వెనక్కి తిరిగి మరీ వెతికింది. లేదు. అప్పుడు కిరీటం తీసి, తన చేత్తోనే కూతురి తలకెత్తింది.

తర్వాత సంగతి చెప్పేదేముంది? ఘటోత్కచుడు నవ్వాడు, కిరీటం భగ్గున ఎర్రబడింది, ముందు వరసలో బుడతలు కెవ్వుమన్నారు. ఈలల్లో తర్వాతి డైలాగు వినిపించనే లేదు! అన్నగారు మాత్రం చప్పట్లు పూర్తిగా వినకుండానే పరుగు తీశాడు. పది గంటల షిఫ్టు మరి!

సదాశివపేట మిత్రమా, కోటు లోపల ఏం పెడతారో తెలిసింది కదా? చిట్టి బుర్ర ఒకటి, నాలుగు సెల్సు, కాస్త ఓపిక. ప్లగ్గు మాత్రం ముమ్మాటికీ కాదు!

వచ్చే వారం: రథాలు ఆకాశంలో ఎగరడానికి మన సురభి నాటక సమాజాల వాళ్లు తాళ్లతో ఏం మాయ చేసేవారో చెబుతాను. అందాకా సెలవు!