మన ముఖం, మన రంగు

వేసవి సెలవుల నుంచి మేము కొందరం ట్యాబ్‌లో మా ముఖాలు మేమే గీసుకుని ఒకరికొకరం చూపించుకుంటున్నాం. అద్దం ఉంటే చాలు, బొమ్మకు కూర్చోమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఇండియా గేట్ దగ్గరి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో చిత్రాలున్న అమృతా షేర్‌గిల్ (1913–1941) కూడా తన ముఖాన్ని పదేపదే వేసుకుంది, ఒకసారి నవ్వుతూ, మరోసారి దిగులుగా.

ఫోన్‌లో ఫిల్టర్ అయితే అడగకుండానే మనల్ని తెల్లగా చేసేస్తుంది. చామనచాయ ముఖానికి ఆ గులాబీ రంగెందుకు? గోధుమరంగులో కాస్త ఎరుపు, కాస్త పసుపు కలుపుతూ మన రంగును మనమే పట్టుకోవాలని మా అభిప్రాయం. ముక్కు వంకరపోతే ‘అన్‌డూ’ నొక్కకుండా తేదీ వేసి దాచాలి. చూసినవాళ్లు ‘సూపర్’ అని వదిలేయక, ‘ఎడమ కన్ను పైకి పోయింది’ అని చెప్పాలి.

టీచర్లకు ఒక మనవి. వార్షికోత్సవంలో జూన్ నాటి వంకర ముక్కును కూడా నవంబరు ముక్కు పక్కన పెట్టనివ్వండి.