అన్నం పెట్టిన చెయ్యే కాయితమూ పట్టాలె

కాజీపేట–బల్లార్షా లైన్ల రామగుండం స్టేషనుంది. ఇల్లిడిసిన పోరగాండ్లు అసొంటి స్టేషన్లల్ల దిగుతరు, సీసాలేరుకుంటరు, బోగీలూడ్సి చెయ్యి చాపుతరు. గోదావరిఖని వాడల్లో ప్రార్థనకు పోయే మాల, మాదిగ కుటుంబం అట్ల దొరికిన పిల్లగాన్ని ఇంటికి తెచ్చి కంచం పెడితే, "మతంల కలుపుకోనీకె తెచ్చిండ్రు" అని మూతి విరిసేటోళ్లున్నరు. వాడు ప్లాట్‌ఫారం మీద పండుకున్నన్ని రాత్రులు ఈ పెద్దమనుషులు ఎక్కడ పండుకున్నరు?

ఆ కుటుంబాన్ని మేము మెచ్చుకుంటున్నాం. అయితే ఒక మాట గట్టిగనే చెప్తున్నాం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం అసొంటి పిల్లగాన్ని 24 గంటల్లోపల జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలె. 1098కి ఫోన్ చేసినా సరే. కమిటీ ఉత్తర్వు లేకుంట ఉంచుకుంటే, కిట్టనోడు పెట్టే ఒక్క ఫిర్యాదుకే పిల్లగాడు చేజారుతడు.

అంతకన్న పెద్ద చిక్కు బడి రిజిస్టరుది. ప్రేమకొద్దీ అందుల "క్రైస్తవ" అని రాయిస్తరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను చేర్చిండ్రు. క్రైస్తవ దళితునికి మన దగ్గర మిగిలింది బీసీ–సి, ఒక్క శాతం. చర్చికి పోయినందుకు ఊళ్లె వెలి పోలేదు, కాయితంల మాత్రం కులం పోయిందంటరు! వాడు మాదిగింట పుట్టినోడే అనుకోండి, మీరు రాయించిన ఆ ఒక్క మాట రేపు ఎస్సీ సర్టిఫికెట్టుకు అడ్డం పడుతది. ఆ ఉత్తర్వుతో కొట్లాట మనది, పిల్లగానిది కాదు. కమిటీ విచారణల తల్లిదండ్రుల ఊరు, కులం ఏది తేలితే అదే రాయించుండ్రి. తేలకపోతే ఆ గడి ఖాళీగనే ఉండనియ్యిండ్రి.