డ్రైవింగు మాకు, పర్మిట్ మీకా?

గుడివాడ, బందరు, అవనిగడ్డ - ఏ లారీ స్టాండుకైనా పొద్దున్నే పోయి చూడండి. స్టీరింగు ముందు కూర్చున్నది ఎవరు? చక్రం కింద రాయి పెట్టే క్లీనరు కుర్రాడిది ఏ పేట? ధాన్యం బస్తా వీపునేసుకుని చెక్క మీద ఎక్కుతున్న ముఠా కూలీ ఎవరు? మాలపల్లె, మాదిగపల్లె. ఇప్పుడు అదే లారీ సి-బుక్కు తెరిచి ఓనరు పేరు చదవండి. ఇంటిపేరు చూస్తేనే తెలిసిపోద్ది.

మావోళ్లకి లైసెన్సు లేదా అంటే ఉంది. హెవీ లైసెన్సే ఉంది. కానీ అది బండి తోలడానికి. బండితో బేరం చెయ్యడానికి కావలసిన కాగితం వేరు. దాని పేరు పర్మిట్. అందులోనూ రెండు వర్ణాలు. స్టేటు పర్మిట్ బండి రాష్ట్రం దాటకూడదు, దాటాలంటే ప్రతిసారీ టెంపరరీ పర్మిట్ కట్టాలి. నేషనల్ పర్మిట్ బండి దేశమంతా తిరగొచ్చు. 2010 మే నుంచి రాష్ట్రానికింత అని కట్టే పద్ధతి తీసేసి ఏడాదికి ఒకే ఫీజు పెట్టారు. మొదట 15,000, 2012 నుంచి 16,500 రూపాయలు. సొంత రాష్ట్రంలో ఆథరైజేషనుకు ఇంకో వెయ్యి. ఫీజు తగ్గింది, రోడ్డు అందరికీ తెరుచుకుంది అన్నారు. అందరికీనా?

మా పేటలో ఒకతను ఇరవయ్యేళ్లు చేపల లారీ తోలాడు. కైకలూరు చెరువుల దగ్గర ఐసు కొట్టి లోడెత్తితే హౌరా దాకా నిద్ర లేదు. ఆ రోడ్డు, ఆ మార్కెట్టు, ఆ బ్రోకర్లు అతనికి కొట్టినపిండి. సొంత బండి కొందామనుకున్నాడు. కొత్త లారీ ముప్పై లక్షల పైమాట. బ్యాంకోడు ష్యూరిటీ అడిగాడు. ష్యూరిటీ అంటే భూమి. భూమి ఉంటే మావోడు ఇరవయ్యేళ్లు ఇంకోడి లారీ ఎందుకు తోలతాడు? చివరికి ప్రైవేటు ఫైనాన్సులో పదకొండేళ్ల పాత లారీ కొన్నాడు. ఏడాది తిరిగేసరికి నేషనల్ పర్మిట్ పోయింది. ఎందుకంటే 12 ఏళ్లు దాటిన మామూలు లారీకి నేషనల్ పర్మిట్ ఇవ్వకూడదని కేంద్ర మోటారు వాహనాల రూల్సు చెబుతున్నాయి. మల్టీ యాక్సిల్ అయితే 15 ఏళ్లు. హౌరా బ్రోకరు ఎన్‌పి బండి కావాలన్నాడు. మావోడు ఊకబస్తాలకీ గ్రావెలుకీ దిగాడు. ఇప్పుడు మళ్లీ ఇంకోడి బండి తోలుతున్నాడు.

పాత బండి పొగ విడుస్తుంది, ప్రమాదం అంటారు పెద్దలు. సరే. మరి అదే బండి స్టేటు పర్మిట్ మీద మన రాష్ట్రంలో తిరగొచ్చు కదా? గరికపాడు చెక్‌పోస్టుకి ఇవతల ఆ పొగ మంచిది, అవతల చెడ్డదా? బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏటా ఎఫ్‌సి చేస్తున్నాడు. బండి బాగుందో లేదో ఆ ఎఫ్‌సి చెప్పాలి గానీ పుట్టిన సంవత్సరం చెప్పకూడదు. పుట్టుకని బట్టి అర్హత తేల్చే అలవాటు ఈ దేశానికి మనుషుల దగ్గరే ఆగలేదు!

అసలు ఈ డెల్టాలో లారీ ఎక్కడ పుట్టింది? 1855లో బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట నీళ్లలో పుట్టింది. నీళ్లు భూమి ఉన్నోడికి పంటయ్యాయి. పంట మిగులు రైసు మిల్లయింది, సినిమా అయింది, లారీ అయింది. నాటేసిందీ, కుప్ప నూర్చిందీ మేం. మిగులు మాత్రం మాకు మిగల్లేదు. ఇవాళ బ్యాంకు అడిగే ష్యూరిటీ ఆ మిగులే.

రిజర్వేషన్ లేదా అంటారేమో. ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 71వ సెక్షన్లో బస్సు పర్మిట్లలో ఎస్సీ, ఎస్టీలకు వాటా రాశారు. మన దగ్గర బస్సు రూట్లు దాదాపు అన్నీ ఆర్టీసీవి. అంటే లేని పర్మిట్లలో మాకు వాటా. ఉన్న పర్మిట్లు లారీలవి. అక్కడ వాటా ఊసే లేదు.

మరి మాకు ఇచ్చిన బండి ఏది? 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ పేరుతో 9,260 చిన్న బండ్లు జెండా ఊపి వదిలారు. ఎస్సీ కార్పొరేషనూ, మిగతా కార్పొరేషన్లూ 60 శాతం సబ్సిడీ ఇచ్చాయి. 3,000 కిలోలు మించని బండికి చట్టప్రకారం పర్మిట్టే అక్కర్లేదు. ఆ తరగతి బండే మాకు దక్కింది. పర్మిట్ అడగని సందుల్లో తిరగమన్నారు. 2025 జూన్ 1 నుంచి ఆ పథకం కూడా ఎత్తేశారు. ఒక ప్రభుత్వం ఇచ్చింది, ఇంకోటి తీసింది. రెండిట్లో ఏదీ మావోడికి పెద్ద లారీ పర్మిట్ గురించి మాట్లాడలేదు.

సరిహద్దు సంగతి చూడండి. 2014 దాకా హైదరాబాదు మన రాజధాని. రాష్ట్రం విడిపోయాక 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ ఆంధ్ర బండ్లకు పన్ను వేసింది. స్టేటు పర్మిట్ ఓనరుకి ఒక్క రోజులో కోదాడ విదేశమైంది. ఎన్‌పి బండ్లున్న పెద్దోడికి ఏమీ కాలేదు. రాష్ట్రం విడిపోయిన బరువు లారీల్లో కూడా చిన్నోడి మీదే పడింది.

దేశం దాటే సంగతి ఇంకా వింత. 2015 జూన్ 15న థింపూలో భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ మోటారు వాహనాల ఒప్పందం రాసుకున్నాయి. 2017లో మన దేశం టిఐఆర్ ఒడంబడికలో చేరింది. సీలేసిన లారీ దేశాలు దాటిపోవచ్చునట. దానికి హామీ సంస్థ కావాలి. మన దేశంలో ఆ సంస్థ ఫిక్కీ, పెద్ద వ్యాపారుల చాంబరు. గుడివాడ ఆంజనేయుడికి అక్కడ హామీ ఎవరుంటారు? బ్రిటన్లో జాతీయ లైసెన్సు వేరు, అంతర్జాతీయ లైసెన్సు వేరు. లైసెన్సు బండికి కాదు, వ్యాపారం చేసేవాడికి. యూరపులో పెద్ద లారీల ఓనరు మొదటి బండికి 9,000, తర్వాత ప్రతి బండికి 5,000 యూరోల స్తోమతు చూపాలి. అక్కడ స్తోమతు అని పచ్చిగా రాశారు. ఇక్కడ పర్మిట్ అందరికీ అని రాసి, గేటు దగ్గర స్తోమతు అడుగుతున్నారు.

మేం అడిగేది కొత్తదేమీ కాదు. ఆయిల్ కంపెనీలు ట్యాంకర్ల టెండర్లలో ఎస్సీలకు వాటా పెడుతున్నాయి. అందులో బినామీలున్నారని మాకూ తెలుసు. పేరు మావోడిది, డబ్బు ఇంకోడిది. బినామీని పట్టుకోండి, వాటా తియ్యకండి. 2013లో ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం తెచ్చారు, పదేళ్లయ్యాక పొడిగించారు కూడా. ఆ డబ్బులోంచి ఎస్సీ కార్పొరేషనే ష్యూరిటీ నిలబడాలి. సబ్సిడీ కన్నా మాకు సంతకం ముఖ్యం. సొంతంగా ఒక్క లారీ తోలుకునేవాడికి 12 ఏళ్ల గీత చెరిపి ఎఫ్‌సినే కొలతగా పెట్టాలి.

ఇంకోటి బందరు పోర్టు. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు పెట్టింది. అప్పుడు మూటలు ఎవరు మోశారో ఏ చరిత్రలోనూ పేర్లు లేవు. 2023 మే 22న తపసిపూడి దగ్గర పోర్టు పనులు మొదలుపెట్టారు. పోర్టంటే వేల లారీల లోడు. ఆ లోడులో మా వాటా ఎంతో మొదటి ఓడ రాకముందే కాగితం మీద రాయండి. గేటు దగ్గర లారీల లిస్టు వేసిన రోజు మేం వస్తాం. డ్రైవర్ల కాలమ్ మేం చూడం, అది మాకు తెలిసిందే. ఓనర్ల కాలమ్ చదువుతాం.