ఓర్వకల్లు విమానంలో పిల్లికి చోటేది?

ఆదోని తూకం తెలిసిన ఊరు. పత్తి యార్డులో క్వింటాలుకు తరుగు ఎంత పోతుందో ఇక్కడ చదువురాని రైతు కూడా నోటిలెక్క మీద చెప్తాడు. అలాంటి ఊళ్లో మొన్న వేసవిలో మా వీధి కిరాణా కొట్టు కాటా మీద ఒక పిల్లిని తూచాం. మూడు వైపులా వలగుడ్డ కుట్టిన సంచిలో దాన్ని కూర్చోబెట్టి, జిప్పు వేసి, కాటా మీద పెట్టాం. అంకెలు 5.240 దగ్గర ఆగాయి. లోపల పిల్లి ఒత్తిగిల్లగానే కిందికి దిగి, మళ్లీ పైకొచ్చి అక్కడే నిలిచాయి. కొట్టాయన ఆ అంకెను చీటీ మీద రాసిచ్చాడు. అమ్మాయి ఆ చీటీని మడిచి పిల్లి టీకా పుస్తకంలో పెట్టుకుంది.

ఆ అమ్మాయిది మా పక్కిల్లు. గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చింది. తండ్రి పోయిన ఏడు వానాకాలంలో గోడ దూకి వచ్చి వాళ్ల వాకిట్లో చేరిన పిల్లి అది. తల్లీ కూతురూ దాన్ని వదిలి వెళ్లలేకపోయారు. పిల్లీ సంచీ కలిపి ఏడు కిలోలు దాటకపోతే విమానంలో కాళ్ల దగ్గరే పెట్టుకోవచ్చని చదివి, తూకానికి తెచ్చారు. తూకం సరిపోయింది. అయితే మన కర్నూలు జిల్లాలో ఆ పిల్లిని ఎక్కించుకునే విమానం లేదు.

ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. అదే నెల 28న ఉడాన్ పథకం కింద బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు ఇండిగో చిన్న ఏటీఆర్ విమానాలు మొదలయ్యాయి. 2025 జూలైలో విజయవాడకూ సర్వీసు వచ్చింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు, కర్నూలు మీదుగా అక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. ఇండిగో విధానం ప్రకారం, వికలాంగులకు తోడుగా ఉండే శిక్షణ పొందిన కుక్కలను తప్ప వేరే పెంపుడు జంతువులను తీసుకోరు. ఎయిరిండియా మాత్రం దేశంలోపలి విమానాల్లో చిన్న కుక్కలనూ పిల్లులనూ క్యాబిన్‌లోకి చాలా ఏళ్లుగా రానిస్తోంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ 1 నుంచి బోనుతో కలిపి 7 కిలోల వరకు క్యాబిన్‌లో, 32 కిలోల వరకు కార్గోలో అనుమతించింది. తర్వాత క్యాబిన్ పరిమితిని 10 కిలోలకు పెంచింది. దేశంలో జరుగుతున్న పనే ఇది. మన దాకా రాలేదు.

చివరికి వాళ్లు రాత్రి కారు మాట్లాడుకుని, గుంతకల్లు, అనంతపురం మీదుగా బెంగళూరు విమానాశ్రయానికి వెళ్లారు. పెనుకొండ దాటాక పిల్లి అరవడం మానేసిందట. అరుపు కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టిందని తల్లి ఫోన్‌లో చెప్పింది. కారు పక్కకు ఆపించి, జిప్పు రెండంగుళాలు తీసి వేలు లోపలికి పెడితే, కాసేపటికి అది నాకింది. అప్పుడు బండి కదిలింది.

దీని మీద రాస్తున్నానంటే ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. "పడమటి మండలాల్లో మనుషులే లారీల్లో నిలబడి సుగ్గికి పోతుంటే, నువ్వు పిల్లికి విమానం గురించి రాస్తావా?" అన్నాడు. ఆ కోపం న్యాయమైనది. అందుకే దానికి జవాబు కూడా ఆ సుగ్గి దగ్గరే, అంటే కూలి వలస దగ్గరే వెతికాను.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, నందవరం ఊళ్లలో వానలు మోసం చేసిన ఏడు దీపావళి దాటేసరికి వీధులకు వీధులే ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తితీతలకు, హైదరాబాద్, బెంగళూరు కట్టడాల పనులకు కుటుంబాలు మూటాముల్లెతో కదులుతాయి. పిల్లల బడి ఆగకుండా సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. ముసలివాళ్లు రేషన్ బియ్యంతో ఇంటికి కాపలా ఉంటారు. ఇంటి కుక్క సంగతి ఎవరి లెక్కలోనూ ఉండదు. సుగ్గి లారీ కదిలినప్పుడు పొలిమేర దాకా దాని వెనక పరుగెత్తే కుక్కను ఒక్కసారి చూస్తే చాలు, మర్చిపోవడం కష్టం. కోడిపెట్టను గంప కింద కమ్మి, మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కేవాళ్లు ఉన్నారు. కుక్కకు మాత్రం లారీలో చోటుండదు. కోసిగి దగ్గర ఒక ఇంటి ముందు ఒంటరిగా కూర్చున్న అవ్వను, కొడుకు కుక్క ఏమైందని అడిగాను. "అది యాడికి పోతాది నాయనా. గడప కాడనే పండుకుంటాది. వాళ్లొచ్చేదాకా నేను తినే రొట్టెలోనే ఇంత ముక్క ఏస్తా" అంది.

ఆ అవ్వ రొట్టె ముక్కకూ, మా పక్కింటి అమ్మాయి వలగుడ్డ సంచికీ నాకు తేడా కనిపించదు. జంతువును వదల్లేని మనసు లారీ ఎక్కేవాళ్లకూ ఉంది, విమానం ఎక్కేవాళ్లకూ ఉంది. వెంట తీసుకుపోగలిగే వీలు మాత్రం డబ్బును బట్టి ఉంటోంది. ఈ నేల మీద ఆ బంధం నిన్న మొన్నటిది కాదు. మాళమల్లేశ్వరుడిని, మైలారలింగాన్ని కొలిచే గొరవయ్యలు తమను స్వామి కుక్కలుగా భావించుకుంటారు. గొంగడి కప్పుకుని, డమరుకం మోగించి, కుక్కల్లా మొరుగుతూ నేల మీది గిన్నెలో పాలు తాగుతారు. కుక్కతనాన్ని భక్తిగా మోసే మనుషులున్న జిల్లా ఇది. ఇక్కడ ఈ ప్రశ్న అడగడం పరాయి మాట ఎలా అవుతుంది?

రైలు చూద్దాం. ఆదోని ముంబయి, చెన్నై మార్గంలో ఉన్న పాత స్టేషన్. కుక్కను వెంట ఉంచుకుని ప్రయాణం చేయాలంటే ఫస్ట్ ఏసీలోనో ఫస్ట్ క్లాసులోనో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరున తీసుకోవాలి. అంత డబ్బు లేకపోతే బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో వేయాలి. స్లీపర్‌లో, త్రీటైర్‌లో, చైర్ కార్‌లో కుక్కకు ప్రవేశం లేదు. బుక్ చేయకుండా దొరికితే ఆరు రెట్ల ఛార్జీ. సీమ ఎండలో మధ్యాహ్నం మూడింటికి ఆ ఇనుప అర ఎలా కాగుతుందో, లోపలి ప్రాణికి యజమాని గొంతు కూడా వినపడకుండా ఎన్ని గంటలు గడవాలో ఆలోచిస్తే చాలు. బస్సుల విషయంలో 2022 ఫిబ్రవరిలో తెలంగాణలో జరిగినది చాలామందికి గుర్తుండే ఉంటుంది. గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్తున్న బస్సులో ఒక కోడిపుంజుకు కండక్టరు 30 రూపాయల టికెట్ కొట్టారు. బస్సుల్లో జంతువులను ఎక్కించకూడదన్నదే నియమమని తర్వాత అధికారులు చెప్పారు. ఆ వార్తకు అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ కండక్టరు చేసినది సరైన పని అనిపించింది. ప్రాణి ఎక్కింది, దానికి చోటు లెక్కేశారు, డబ్బు తీసుకున్నారు, కాగితం ఇచ్చారు. విమానాల నుంచి అడగాల్సిందీ ఇంతే.

నియమాలు మారవని అనుకోవాల్సిన పని లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు తణుకుకు చెందిన వైద్యుడు గిరికుమార్ పాటిల్ తాను పెంచుకున్న జాగ్వార్‌నూ నల్ల చిరుతనూ వదిలి రానని అక్కడే ఉండిపోయారు. అడవి మృగాలను ఇంట్లో పెంచడాన్ని నేను సమర్థించను. కానీ ఆయన మాట విన్నప్పుడు దేశంలో చాలామంది మొదటిసారిగా ఈ సమస్యను చూశారు. అదే రోజుల్లో ఉక్రెయిన్ నుంచి మనవాళ్లను తెచ్చిన ఆపరేషన్ గంగ విమానాల్లో కొందరు విద్యార్థులు కుక్కలనూ పిల్లులనూ తెచ్చుకున్నారు. దిగుమతికి ముందుగా తీసుకోవాల్సిన అనుమతుల విషయంలో కేంద్రం ఆ ఒక్కసారికి సడలింపు ఇచ్చింది. రుమేనియా మీదుగా ఢిల్లీ చేరిన కేరళ విద్యార్థిని కుక్క జైరాను, అక్కడి నుంచి కొచ్చికి వేసిన ప్రత్యేక విమానంలో ఎక్కించుకోలేదు. వేరే విమానం చూసుకోవాల్సి వచ్చింది. సరిహద్దు దగ్గర తలుపు తెరుచుకుంది, ఇంటి లోపలి తలుపు మూసుకుంది.

ఇప్పుడు తూకం సంగతి. ఏడు కిలోలో, పది కిలోలో అంటే పిల్లి పడుతుంది, పొమరేనియన్ పడుతుంది, షిట్జూ పడుతుంది. మన వీధుల్లో, మన మందల వెంట తిరిగే నాటు కుక్క పన్నెండు నుంచి ఇరవై కిలోలు ఉంటుంది. అది సీటు కింద పట్టదు. దాని దారి కార్గోనే. కాబట్టి క్యాబిన్ గురించి మాత్రమే మాట్లాడి ఊరుకుంటే నాటు కుక్కకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. పెద్ద విమానాల్లో జంతువులను ఉంచే అర గాలిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ప్రమాదం ఎక్కువగా నేల మీదే, రన్‌వే పక్కన ట్రాలీ మీద ఎండలో నిలబెట్టిన ఆ అరగంటలోనే. అమెరికాలో కొన్ని సంస్థలు నేల మీద ఉష్ణోగ్రత 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 29 సెల్సియస్ దాటితే జంతువులను కార్గోలో తీసుకోవు. మన దగ్గర సంక్రాంతి మధ్యాహ్నం కూడా ఆ గీత దాటుతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి అందడం మామూలుగానే కష్టం, వేడిలో అది ప్రాణాంతకం. జంతువులను తెల్లవారుజామునో రాత్రో మాత్రమే ఎక్కించాలి, నీడలోనే ఉంచాలి, చివరగా ఎక్కించి మొదట దించాలి. ఈ మూడు మాటలు రాసుకోవడానికి కోట్లు అక్కర్లేదు. ప్రయాణానికి ముందు నిద్రమాత్ర వేస్తే మంచిదని చాలామంది అనుకుంటారు. గాలిలో అది ఊపిరినీ గుండెనూ దెబ్బతీయవచ్చు గనక పశువైద్యులు వద్దంటారు.

క్యాబిన్‌లో ఉన్నంత మాత్రాన అంతా క్షేమమనీ కాదు. 2018 మార్చిలో హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న యునైటెడ్ విమానంలో, జంతువు ఉన్న సంచిని సిబ్బంది చెప్పారని తల మీది సామాను అరలో పెట్టారు. దిగేసరికి లోపలున్న కొకిటో అనే ఫ్రెంచ్ బుల్‌డాగ్ కూన చనిపోయింది. ఆ తర్వాత ఆ సంస్థ జంతువుల సంచులకు దూరం నుంచే కనిపించే రంగు ట్యాగులు కట్టించింది. ఒక రంగు ట్యాగు ముందే ఉండి ఉంటే ఆ కూన బతికేదేమో.

తోటి ప్రయాణికుల మాట కూడా వినాలి. పిల్లి దగ్గరుంటే ఆయాసం వచ్చేవాళ్లు ఉన్నారు. చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది, వాళ్ల భయాన్ని తేలిక చేయకూడదు. కుక్క తాకితే నమాజుకు ముందు మళ్లీ శుభ్రం చేసుకోవాల్సినవాళ్లు, మడి పాటించేవాళ్లు ఆదోనిలో పక్కపక్క వీధుల్లోనే ఉన్నారు. వీళ్లెవరి పక్కనా బలవంతంగా జంతువును కూర్చోబెట్టకూడదు. విమానానికి ఒకటి రెండు జంతువులే, చివరి వరుసలోనే, కిటికీ పక్కనే, సంచి జిప్పు తీయకుండా. టికెట్ కొనేటప్పుడే ఆ విమానంలో జంతువు ఉందని అందరికీ తెలియాలి, వద్దనుకున్నవాళ్లకు అదనపు ఖర్చు లేకుండా సీటు మార్చాలి. జంతువుకు ఛార్జీ తీసుకుంటారు కనుక ఆ ఖర్చు జంతువు యజమాని పెట్టుకోవడం న్యాయం.

టీకా లేని జంతువుకు చోటు అడగను. ఈ విషయంలో మన పశువైద్యశాలలు చేస్తున్న పనికి చాలామంది విలువ కట్టరు. 1885 జూలై 6న పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేశారు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. ఆ టీకా పుస్తకమే రేపు ప్రయాణపత్రం. దానితోపాటు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు తీసుకున్న ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆదోని, ఎమ్మిగనూరు పశువైద్యులకు ఎద్దులు, బర్రెలు, గొర్రెలతోనే పొద్దు చాలదు. పిల్లికి విమాన పత్రం అడిగితే ఏ నమూనాలో రాయాలో చెప్పే కాగితం వాళ్లకు ముందే అందాలి. విదేశాలకైతే దారి ఇంకా పొడుగు. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికా మనల్ని చేర్చింది. 2024 ఆగస్టు 1 నుంచి మన దేశపు కుక్క అక్కడికి వెళ్లాలంటే ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా రక్షణ నిరూపించే రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్. కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్దామనుకునే ఎమ్మిగనూరు దంపతులు ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి.

ఓర్వకల్లుకు వస్తాను. ఉడాన్ రూట్లలో విమాన సంస్థకు వచ్చే నష్టాన్ని పూడ్చే సొమ్ములో 80 శాతం కేంద్రానిది, 20 శాతం రాష్ట్రానిది. అంటే ప్రజలది. ప్రజల సొమ్ముతో నిలబడే ఏ రూట్‌లోనైనా, ఏ సంస్థ నడిపినా, సంచిలో పట్టే ఒక్క జంతువునైనా షరతులతో క్యాబిన్‌లోకి రానివ్వాలని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చడం ప్రభుత్వాల చేతిలో ఉంది. పౌర విమానయాన శాఖ 2024 జూన్ నుంచి శ్రీకాకుళం బిడ్డ కింజరాపు రామ్మోహన్ నాయుడి దగ్గరే ఉంది. ఏటీఆర్ చిన్న విమానం, చోటు చాలదని అనవచ్చు. మా పక్కింటి సంచి అడుగున్నర పొడవు, అడుగు లోపు ఎత్తు. సీటు కింద పెట్టుకునే చేతిసంచి కంటే పెద్దదేమీ కాదు.

విమాన సంస్థల శీతాకాల షెడ్యూలు ఏటా అక్టోబర్ చివరి ఆదివారం మొదలవుతుంది. కొత్త సర్వీసులు, కొత్త షరతులు దానికి ముందే తేలతాయి. కాబట్టి మన ప్రజాప్రతినిధులు వానాకాలంలోనే ఉత్తరం రాయాలి. అదే ఉత్తరంలో రైల్వేకూ ఒక పేరా ఉండాలి, స్లీపర్ బోగీ చివర జంతువులతో వచ్చేవాళ్లకు నాలుగు బెర్తులు కేటాయించమని. అక్టోబర్ చివరకు సుగ్గి లారీలు కూడా బయల్దేరతాయి.