ఖాతా ఆమెది, తాళం ఎవరిది?

ఇంట్లోంచే పచ్చళ్ళూ చీరలూ అమ్ముకుంటూ, జాకెట్లు కుట్టుకుంటూ బతికే స్త్రీలకి ఈ రోజు కొట్టు అంటే ఫోనే. వాట్సాప్‌లో ఆర్డర్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు, యూపీఐలో డబ్బు. ఆ ఖాతా దొంగ చేతికి చిక్కితే ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న బేరాలన్నీ ఒక్క గంటలో పోతాయి. పైగా ఆమె పేరుతోనే "అర్జంటుగా డబ్బు పంపండి" అని వాడు అందరినీ అడుగుతాడు. డబ్బుతో పాటు ఆమె మాట మీదున్న నమ్మకమూ పోతుంది.

అప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఓటీపీ ఎందుకు చెప్పావు?" అనే. అత్యాచారానికి గురైన స్త్రీని "ఆ వేళప్పుడు అక్కడికెందుకెళ్ళావు?" అని అడిగే గొంతే ఇది. బ్యాంకుల భాషలో దీని పేరు 'ఖాతాదారు నిర్లక్ష్యం'. అటువంటి నిర్లక్ష్యం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు చెప్పింది. అయితే తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుందని కూడా అదే ఉత్తర్వు చెప్పింది. ఈ రెండో మాట మన స్త్రీలకి ఎవరూ చెప్పరు.

అసలు నిర్లక్ష్యం అంటే ఏమిటి? "పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి" అనే సలహా, తనకంటూ ఒక ఫోనూ కాస్త ఏకాంతమూ ఉన్న మనిషికి పనికొచ్చేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నది దాదాపు 54 శాతం మందికే. ఫోన్ ఉన్నచోట కూడా సిమ్ భర్త పేరున, ఈమెయిల్ కొడుకు తెరిచిందిగా ఉండటం మామూలే. పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు. చెప్పనంటే "మా దగ్గర దాపరికమా?" అనే నింద. పోయిన ఖాతాని తిరిగి తెచ్చుకునే దారి ఆ నంబరు గుండా, ఆ ఈమెయిల్ గుండానే వెళ్తుంది కాబట్టి కష్టం ఆమెదైనా పెత్తనం వాళ్ళదే అవుతుంది.

హాకర్ అంటే ఎక్కడో ఉన్న అపరిచితుడే కానక్కర్లేదు. విడిపోయిన భర్త కూడా కావచ్చు. ఇతరుల పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 66సి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అందులో భర్తలకి మినహాయింపేమీ లేదు.

మన సంఘాలు చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. వ్యాపారం నంబరు ఆమె పేరున తీసుకున్న సిమ్‌దై ఉండాలి. ఈమెయిల్ ఆమే తెరవాలి. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే, ఓటీపీ ఎవరికైనా చిక్కినా పిన్ కూడా కావాల్సి వస్తుంది. 'లింక్డ్ డివైసెస్'లో చూస్తే ఖాతా ఇంకెక్కడ తెరిచి ఉందో తెలుస్తుంది. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగితే డబ్బు పోబోతోందని అర్థం. పొదుపు సంఘంలో లీడరు మారినప్పుడు పుస్తకాలతో పాటు పాస్‌వర్డ్ కూడా మారాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి తెలిపి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. హింస ఉన్న ఇంట్లో హఠాత్తుగా పాస్‌వర్డ్ మారిస్తే దెబ్బలు పెరగొచ్చు. ఎప్పుడు మార్చాలో, ఎలా మార్చాలో ఆమెతో కలిసి ఆలోచించాకే అడుగు వెయ్యాలి.

పట్టా స్త్రీ పేరున ఉంటే చాలదు, పొలం మీద నిర్ణయమూ ఆమెదే కావాలని మన ఉద్యమాలు ఎప్పటినుంచో అంటున్నాయి. ఈ ఖాతాల విషయంలోనూ అదే అడగాలి. నిర్లక్ష్యం అనే ముద్ర వేసేముందు ఆ ఫోన్ నిజంగా ఎవరి చేతిలో ఉందో విచారించమని బ్యాంకుల్ని నిలదీయాలి.