తడి బుట్టలో నిప్పు

గేసు అంటే యేమిటో కోనసీమవాళ్లకి ఒకరు చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గొట్టం పేలి జరిగిన ఘోరం యెవరూ మరిచిపోయేది కాదు.

నేలలోపలి ఆ వాయువులో ముఖ్యభాగం మీథేను. మన వంటింటి బుట్టలో కుళ్లే అరటితొక్కల్లోంచి పుట్టించదగినదీ అదే. మొదటిది తయారవడానికి లక్షల యేళ్లు పట్టింది. రెండోది కొద్ది వారాల్లో వస్తుంది. మొదటిదానికోసం వేల అడుగుల లోతు తవ్వుతున్నాం. రెండోదాన్ని కాలవలో పారేస్తున్నాం.

కాలవలో అని వూరికే అనడంలేదు. ఐనవిల్లి చుట్టుపక్కల ఖాళీ జాగా యెక్కడుంది చెప్పండి? కొబ్బరితోట కాకపోతే వరిచేను, అదీ కాకపోతే యెవరిదో పెరడు. చెత్త గుట్టలుగా పొయ్యడానికి బీడు లేదు. అంచేత బుట్ట తిన్నగా కాలవగట్టు చేరుతుంది. ఆ నీళ్లే దిగువ వూరివాళ్లు వాడుకోవాలి. మనకీ ఒక యెగువ వూరు వుంది కదా!

ఈ గేసు చేసే పద్ధతిలో పెద్ద రహస్యం లేదు. గాలి చొరని తొట్టిలో తడిచెత్తని నీళ్లతో కలిపి పోస్తే కంటికి కనపడని సూక్ష్మజీవులు పంక్తులు తీరి భోంచేస్తాయి. మొదటి పంక్తివి దాన్ని పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి. రెండో పంక్తివి ఆ ఆమ్లాలని మీథేనుగా మారుస్తాయి. వచ్చినదాంట్లో నూటికి సుమారు 60 పాళ్లు మీథేను, తక్కింది చాలావరకు బొగ్గుపులుసు గాలి. వాటికి 35 డిగ్రీల వెచ్చదనం హాయి. అది మనకి వేసవిలో ఉచితం.

ఇదేమీ కొత్త వింత కాదు. 1897లోనే బొంబాయి మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో మలంనుంచి తీసిన వాయువుతో దీపాలు వెలిగించారు. 1960ల్లో ఖాదీ కమిషన్ పేడ గేసుని పల్లెలకి తెచ్చింది. పేడకి బదులు బజారు చెత్త వేసి చూడాలంటే హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టు వుంది. అక్కడ ఐఐసీటీ శాస్త్రజ్ఞుల పద్ధతిలో ప్లాంటు కట్టారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దాన్ని మెచ్చుకున్నారు. రోజుకి 10 టన్నుల చెత్తనుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, పైగా కాంటీను వంటకి 30 కిలోల ఇంధనం అని అప్పటి లెక్క. అంటే కిలో చెత్తతో 10 వాట్ల దీపం అయిదు గంటలు వెలుగుతుంది. ఒక పిల్లవాడి రాత్రి చదువు వెళ్లిపోతుంది.

మన వూళ్లో వెయ్యి యిళ్లు, యింటికి అరకిలో అనుకుందాం. 500 కిలోలు. కిలోకి 50 లీటర్లే వచ్చిందనుకున్నా 25 ఘనపు మీటర్లు. సిలిండరు గేసుతో పోలిస్తే సుమారు 11 కిలోలు, 14.2 కిలోల సిలిండరులో ముప్పాతిక. వూరందరికీ చాలదు. కాని ఒక బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి పనికొస్తుంది. ఇంజను పెట్టి కరెంటు తీస్తే వేడిలో సగానికి పైగా వృథా పోతుంది కనక, చిన్న వూరికి పొయ్యే మేలు. తొట్టిలో మిగిలిన చిక్కటి నీళ్లు కొబ్బరిచెట్టుకి యెరువు.

"ఆయ్, అదీ పాశర్లపూడిలాగే అంటుకుంటేనండీ?" అన్నారు మా పక్కింటి బాబాయిగారు. అంత ఒత్తిడి దీనికి లేదు. సిలిండరు గేసులా నేలను పట్టి పేరుకోదు కూడా. అయినా తొట్టి దగ్గర అగ్గిపుల్ల గీస్తే ప్రమాదమే. గేసు గేసే.

ఇహ అసలు చిక్కు తొట్టిలో లేదు, వంటింట్లో వుంది. అన్నం మెతుకుల్లో పాలపేకెట్టు, కూరగాయ తొక్కల్లో బ్లేడు, పైన ఫినాయిలు సీసా! ప్లాస్టిక్ ఆ జీవులకి అరగదు, ఫినాయిలు వాటిని చంపుతుంది. సిద్ధివినాయకుడి గుళ్లో పూలూ, అరటాకులూ అరుగుతాయి గాని, కొబ్బరి చిప్పలూ, పీచూ అరగవు. వాటి దారి వేరు. మనం వేరు చెయ్యకపోతే యెవరు చేస్తారు? చెత్తబండి వెనక నడిచే మనిషి, ఉత్తచేతుల్తో, ఆ బ్లేడు యెక్కడుందో తెలియకుండా. మనకి రెండు క్షణాల పని, ఆమెకి నడుం విరిగే పని.

2016 నియమాలు తడీ, పొడీ, ప్రమాదకరమైనవీ ఇంట్లోనే వేరు చెయ్యమన్నాయి. పంచాయతీవారు తొట్టి కట్టేదాకా దానికోసం ఆగనక్కరలేదు. ఇవాళే గుమ్మం పక్కన రెండో బుట్ట పెట్టండి. బ్లేడులూ, మందుల సీసాలూ విడిగా చిన్న డబ్బాలో వెయ్యండి. తొట్టి వచ్చేదాకా తడిచెత్త పెరటి గోతిలో యెరువవుతుంది. అది వచ్చిననాడు ఈ బుట్టే మొదటి పొయ్యి వెలిగిస్తుంది.