ఆ బిడ్డ మన ఇంట అమానత్

 

అనాథ బిడ్డల విషయంలో మన సమాజానికి రెండు మార్గాలే బాగా అలవాటయ్యాయి. మొదటిది, రంజాన్ నెలలో జకాత్ సొమ్మును, బక్రీద్ నాడు ఖుర్బానీ చర్మాలను యతీమ్‌ఖానాకు పంపి మన బాధ్యత తీరిందని భావించడం. రెండవది, సంతానం లేని దంపతులు ఎవరి బిడ్డనో తెచ్చుకొని, తమనే కన్నవారిగా రాయించుకొని, ఆ సంగతి ఊరికీ బిడ్డకూ తెలియనీయకుండా పెంచడం. మొదటి మార్గంలో బిడ్డకు అన్నం దొరుకుతుంది గాని ఇల్లు దొరకదు. రెండవ మార్గంలో ఇల్లు దొరుకుతుంది గాని తన వంశం తనకు దూరమవుతుంది.

ఈ రెండింటికీ నడుమ షరీఅత్ చూపిన మార్గం కఫాలత్. పరుల బిడ్డను వారి బిడ్డగానే గుర్తిస్తూ, మన ఇంట చేర్చుకొని, కన్నబిడ్డను సాకినట్లే సాకడం దాని సారాంశం. నేడు మన దేశ చట్టం ‘ఫోస్టర్ కేర్’ పేరుతో చేసిన ఏర్పాటు దీనికి ఎంతో దగ్గరగా ఉంది. అయినా ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) బాల్యాన్ని ఈ దృష్టితో ఒకసారి పరిశీలించండి. ఆయన (స) పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ కన్నుమూశారు. శైశవం బనూ సఅద్ తెగలో దాయి హలీమా ఇంట గడిచింది. ఆమె ఆ బిడ్డను తల్లి ఆమినాకు తిరిగి అప్పగించారు. ఆరేళ్ల వయసులో తల్లి, ఎనిమిదేళ్ల వయసులో తాత అబ్దుల్ ముత్తలిబ్ గతించారు. ఆ తర్వాత తండ్రి సోదరుడు అబూ తాలిబ్, ఆయన భార్య ఫాతిమా బిన్తె అసద్ తమ పిల్లలతోపాటే ఆయన్ను (స) పెంచారు. ఒక్క బాల్యంలో ఎన్ని ఇళ్లు, ఎందరి చేతులు! కాని ఏ ఇంటిలోనూ ఆయన (స) అబ్దుల్లాహ్ కుమారుడు కాకుండా పోలేదు. పెద్దయిన తర్వాత, మక్కాలో కరవు వచ్చి అబూ తాలిబ్ కుటుంబం ఇబ్బందిపడినప్పుడు, బాలుడైన అలీ (రజి)ని తమ ఇంటికి తెచ్చుకొని పెంచారు. ఆ బాలుడు కూడా అబూ తాలిబ్ కుమారుడిగానే పెరిగాడు.

హజ్రత్ జైద్ (రజి) వృత్తాంతం మీకు తెలిసినదే. ప్రజలు ఆయనను ‘జైద్ బిన్ ముహమ్మద్’ అని పిలిచేవారు. పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరాలో ఆదేశం అవతరించాక, ఆయన మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. దీని వల్ల వారి మధ్య మమకారం తగ్గిందా? లేదు. ముఅతా యుద్ధానికి సైన్యాన్ని పంపుతూ దైవప్రవక్త (స) మొదటి సేనానిగా నియమించింది ఆ జైద్‌నే. తర్వాతి కాలంలో ఆయన కుమారుడు ఉసామా (రజి)కు కూడా సేనాధిపత్యం అప్పగించారు. ఇస్లాం అడ్డుకున్నది బిడ్డ వంశాన్ని చెరిపివేయడాన్నే గాని, బిడ్డను చేరదీయడాన్ని కాదు.

అయినా మన సోదరీమణుల హృదయంలో ఒక ప్రశ్న మిగులుతుంది. “రేపు వెళ్లిపోయే బిడ్డ మీద మనసెందుకు పెట్టుకోవాలి?” ఇది న్యాయమైన ప్రశ్నే. పెంచిన బిడ్డను పంపడం సులభం కాదు. హలీమా కూడా ఆ బిడ్డను మరికొంత కాలం తన దగ్గరే ఉంచమని ఆమినాను బతిమాలి తెచ్చుకున్నారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. చివరకు అప్పగించారు. ఆమె పెంపకం వృథా అయిందా? దశాబ్దాల తర్వాత హునైన్ సందర్భంలో హలీమా కుమార్తె షైమా ఎదుటికి వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) తమ పైవస్త్రం పరచి ఆమెను కూర్చోబెట్టి గౌరవించారని ఆ గ్రంథాలలోనే ఉంది. అమానత్ అంటే మనది కానిది, అందుకే మరింత జాగ్రత్తగా కాపాడవలసినది. ఆలోచిస్తే మన కడుపున పుట్టిన బిడ్డలు కూడా అల్లాహ్ మనకిచ్చిన అమానత్ కాదా?

మదరసాలో గురువారం అసర్ నమాజు తర్వాత పిల్లలను ఇంటికి తీసుకువెళ్లడానికి పెద్దలు వస్తారు. అందరూ వెళ్లాక వసతి గదుల్లో కొందరు మిగులుతారు. వారికి భోజనం ఉంది, పడక ఉంది, చదువు ఉంది. కాని “ఈ పూట ఏం వండమంటావు?” అని అడిగేవారు లేరు. ఉపాధ్యాయులుగా మేము ఎంత చేసినా ఆ లోటు పూడ్చలేము. దానిని పూడ్చగలిగేది ఒక కుటుంబమే.

ఇక చట్టం విషయం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు అవకాశం కల్పించింది. ఆసక్తి ఉన్నవారు జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించాలి. అధికారులు ఇంటికి వచ్చి కుటుంబ పరిస్థితులు పరిశీలిస్తారు. బిడ్డను అప్పగించే నిర్ణయం జిల్లా బాలల సంక్షేమ సమితిది. తోబుట్టువులు ఉంటే వీలైనంతవరకు ఒకే ఇంట ఉంచుతారు. బిడ్డకు హాని లేదనుకుంటే కన్నవారు వచ్చి చూడడానికి అనుమతిస్తారు. బిడ్డ బాగోగులను నెలనెలా పరిశీలించాలని చట్టం చెబుతోంది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం సంరక్షణ గృహాలలో ఉన్న ఆరేళ్లు, అంతకు పైబడిన పిల్లలను ఇలా అప్పగిస్తారు. ఒంటరి మహిళలు కూడా ముందుకు రావచ్చు. రెండేళ్ల తర్వాత దత్తతకు కూడా వీలుంది గాని అది నిర్బంధం కాదు. బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవడం ఐచ్ఛికమనీ, తమ ధర్మశాస్త్రాన్ని అనుసరించదలచినవారు అలాగే ఉండవచ్చనీ 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డ పోషణకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇక్కడ ఒక మాట. అనాథల సొత్తు గురించి నిసా సూరాలో అల్లాహ్ ఎంత తీవ్రంగా హెచ్చరించాడో మనకు తెలుసు. స్థితిమంతుడైన సంరక్షకుడు అందులో ఏమీ తాకరాదు. పేదవాడు ధర్మసమ్మతమైనంతే వాడుకోవాలి. ఈ నాలుగు వేలను కూడా ఆ దృష్టితోనే చూడండి. ఒక పుస్తకంలో లెక్క రాసి పెట్టుకోండి.

షరీఅత్ పరంగా మూడు సంగతులు మరువరాదు. మొదటిది, బిడ్డ వంశం. కన్నతండ్రి ఎవరో తెలిస్తే ఆ పేరే రాయించాలి, వయసుకు తగినట్లు బిడ్డకు నిజం చెప్పాలి. రెండవది, పరదా. రెండేళ్లలోపు పసికందుకు ఆ ఇల్లాలు పాలిస్తే పాలసంబంధం ఏర్పడి బిడ్డ మహ్రమ్ అవుతుంది. దాని షరతులను ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. పెద్ద పిల్లల విషయంలో ఆ వీలు లేదు. అక్కచెల్లెళ్ల కొడుకు స్త్రీకి మహ్రమ్, భర్త సోదరుని కొడుకు కాడు. కనుక బాలుడా, బాలికా, వయసెంత, ఇంటిలో గదులు ఎలా ఉన్నాయి అన్నది ముందే ఆలోచించుకోవాలి. మూడవది, వారసత్వం. పెంచిన బిడ్డ మనకు వారసుడు కాడు. కాని ఆస్తిలో మూడవ వంతుకు మించకుండా వసీయత్ రాయవచ్చు, జీవించి ఉండగానే హిబా చేయవచ్చు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. దిక్కులేని బిడ్డ కనిపిస్తే ఇంటికి తీసుకుపోయి దాచకండి. 24 గంటలలోగా 1098కు గాని, పోలీసులకు గాని, బాలల సంక్షేమ సమితికి గాని తెలపడం చట్టరీత్యా మన విధి. దళారీకి డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్షకు, లక్ష రూపాయల జరిమానాకు దారితీసే నేరం. దాని వెనుక ఒక తల్లి కన్నీరు ఉండవచ్చునన్న భయమూ మనకు ఉండాలి.

ప్రతి కుటుంబం ఈ భారం మోయలేదు. ఎవరికి ఎంత శక్తి ఉందో అల్లాహ్‌కు తెలుసు. కాని మహల్లాకు ఒక్క ఇల్లు సిద్ధపడినా ఎంతో మార్పు వస్తుంది. మస్జిద్ కమిటీలు బాలల పరిరక్షణ అధికారులను ఒకనాడు పిలిచి వివరాలు చెప్పించవచ్చు. ఇరుగుపొరుగు వారు “ఎవరి బిడ్డ? ఎక్కడి నుంచి తెచ్చారు?” అని ఆ పసిమనసును గుచ్చకుండా ఉండవచ్చు. ఆ ఇంటి తల్లికి జ్వరం వచ్చిన రోజున బిడ్డను బడికి దిగబెట్టి రావచ్చు. ఇవన్నీ కఫాలత్‌లో భాగస్వామ్యమే.

అనాథను ఆదుకొన్నవాడు స్వర్గంలో తమకు ఎంత చేరువలో ఉంటాడో దైవప్రవక్త (స) తమ చూపుడు వేలిని, మధ్య వేలిని చూపి తెలిపారు. ఈ నెల భార్యాభర్తలు కూర్చొని, ఇంటి పెద్దలను, పిల్లలను కూడా అడిగి, ఈ విషయం మాట్లాడుకోండి. ఇస్తిఖారా చేసి నిర్ణయించుకోండి. మన ఇళ్లను దిక్కులేని బిడ్డలకు నీడగా చేసే భాగ్యాన్ని, అప్పగించవలసిన రోజున చిరునవ్వుతో అప్పగించే సహనాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.